రికార్డు తిరుగుతుంటే అమ్మని పాడొద్దన్నవ్

నాయినా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. చిక్కడపల్లి ఇంట్ల నీ క్రీస్తు పాటల రికార్డులు పొద్దటి సంది ఒక్కొక్కటే పెట్టి వింటున్న.

నారాయణగూడ చర్చిల అందరికంటె గట్టిగ పాడే అమ్మని, ఇంట్ల రికార్డు తిరిగేటప్పుడు మాత్రం "జర నోరు ముయ్యి, విననియ్యి" అంటుంటివి. నలభై ఏండ్లు! దేవుని పాటకు గూడ నీ పర్మిషన్ కావాల్నా?

"ఇప్పుడు పాడమ్మా, ఎవరాపుతరు?" అన్న. పల్లవికి అమ్మ పెదాలు కదిలినయ్. అంతలనే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నీ ఖాళీ కుర్చీ దిక్కు చూసింది.

నాకు ఒళ్లు మండింది. ఆ కుర్చీ ఎత్తి వరండాల పడేసిన. సూది మళ్ల మొదట్ల పెట్టిన.

అమ్మ లేచి, కుర్చీ తెచ్చి దాని జాగల పెట్టి, పాట అయిపోయేదాక దాని పక్కన నోరు మెదపకుండ కూసున్నది.