తోడు పోయే మనిషి

ఆగస్టు 3, ఆదివారం
హారికకు ఇంగ్లీషు పాఠం. పెళ్ళికొడుక్కి బెంగళూరులో ఉద్యోగం, అందుకని మా మేనకోడలు మూడుముళ్ళు పడేలోపు గడగడా మాట్లాడాలని వదిన పట్టు. ఇవాళ్టి మాట 'అకంపనీ'. ఒకరి వెంట పోవడం.
"ఎస్కార్ట్ అన్నా అదేనా అత్తా?"
కాదు. ఎస్కార్ట్ కాపలాకి — మంత్రి కారు ముందర జీపులు పోతాయే, అది. అటెండ్ అంటే పక్కనుండి కావలసినవి చూసుకోవడం. షాపరోన్ అంటే, ఆడపిల్ల ఎటు చూస్తోందో చూడమని ఇంట్లోవాళ్ళు వెంట పంపే పెద్ద మనిషి.
"అయితే అది నువ్వే!" పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఒళ్ళు మండింది.
పాఠం సగంలో వదిన కేక — "విజయా, మా యమ్మను కండ్లాసుపత్రికి పిలుచుకోని పో."

ఆగస్టు 5
ఫోన్ వచ్చింది! కోసిగి ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం నాకే. ఉండటానికి గది అక్కడే ఇస్తారు. పద్దెనిమిదో తేదీ సోమవారానికల్లా చేరకపోతే నా తర్వాతి మనిషికి ఇచ్చేస్తారట. ఎవరికీ చెప్పలేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఆగస్టు 8
అన్నకు చెప్పాను. బాడుగకు తిప్పే జీపు తుడుస్తున్నవాడు ఆగాడు.
"కోసిగికా? ఆ ఊరోళ్ళే ఊరిడిసి బతకను పోతాండారు, నువ్వు ఆడికి బతకను పోతావా?" అని నవ్వి — "ఒక్కదానివే ఎట్లుంటావు? నీకు తోడెవురొస్తారు?"
మొగుణ్ణి వదిలేసి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆసుపత్రికి, బట్టలకొట్టుకి, పరీక్షలకి, పురుళ్ళకి — అందరి వెంటా పోయింది నేను. నాకు తోడెవరని నన్నే అడుగుతున్నాడు.
"ముందు పెండ్లి కానీమ్మా. తర్వాత చూస్తాం."
చూస్తాం అంటే చూడరు.

ఆగస్టు 10
అయిపోయింది, వదిన తేల్చేసింది. పెళ్ళయ్యాక హారికకు తోడుగా పత్తికొండలో అత్తారింటికి నేనే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో గానీ — కొత్తకోడలికి తోడు పోయిన మనిషి తనంతట తాను తిరిగి రాకూడదు. పుట్టింటివాళ్ళు వచ్చి మర్యాదగా పిలుచుకు రావాలి. లేకపోతే పిల్లకు మాట వస్తుంది.
"పదహారో తేదీ నేనొచ్చి పిలుచుకుంటా. ఒట్టు" — అన్న.
పత్తికొండ నుంచి ఆదోని, ఆదోని నుంచి కోసిగి. ఇక్కడి నుంచి పోవడం కంటే అదే దగ్గర. సర్టిఫికెట్లు చీరల కింద పెట్టుకున్నాను.

ఆగస్టు 14
పెళ్ళి. నన్ను పీటల దగ్గరికి రానివ్వలేదు. "నువ్వు ఈడ వద్దులేమ్మా, వంటలకాడ చూసుకో పో" అంది వదిన వాళ్ళమ్మ — నేను చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి నడిపించినావిడే. తలంబ్రాలు దూరం నుంచి చూశాను. కారెక్కే వేళకు మాత్రం — "విజయ యాడ? విజయ యాడుండాది?" — అందరికీ నేనే కావాలి.

ఆగస్టు 15
పత్తికొండ. ఇల్లంతా టమోటా వాసన, మండీ వ్యాపారం వాళ్ళది. హారిక వాళ్ళత్తగారు మంచి మనిషే. కడుపునిండా పెడుతుంది. పెట్టి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఆ కుర్చీ దాటకుండా వీధిలోకి దారి లేదు.
హారిక నా కొంగు వదలడం లేదు.

ఆగస్టు 16
అన్న రాలేదు.

ఆగస్టు 17, ఆదివారం
పొద్దున్నే ఫోన్ చేశాను. "తుమ్మలపల్లె గనికాడ జీపులకు పనుండాదమ్మా. బుధవారమొస్తా."
సోమవారం సంగతి గుర్తుందా అన్నా?
"గుర్తుండాది."
గుర్తుండే రాలేదు. స్నానాలగదిలో కొళాయి తిప్పి ఏడ్చాను.

మధ్యాహ్నం కుర్చీ దగ్గరికి వెళ్ళి అడిగేశాను, నన్ను పంపమని.
"మీ అన్న రానీ తల్లీ. ఇంగా మొన్ననే కదా వచ్చింది, అంత తొందరేమి?"
నేనే పోతే?
"పోతే పో, నేనేమన్నా కట్టేసినానా? తోడొచ్చిన మనిషి ఎందుకు పాయెనని రేపు ఊరంతా హారికనే అడుగుతారు."
బెదిరింపేం కాదు. ఉన్న మాటే అంది. అందుకే మరీ ఉక్కిరిబిక్కిరిగా ఉంది. హారిక వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది.

ఆగస్టు 18, సోమవారం
ఆదోని బస్సు ఏడింటికి. బ్యాగు సర్దాను, విప్పేశాను, మళ్ళీ సర్దాను. నేను పోతే మాటలు హారికకి. పోకపోతే — బుధవారం అన్న వస్తాడు, గురువారం కండ్లాసుపత్రి. ఆ తర్వాత ఇంకెవరి వెంటో. కోపం ఎవరి మీద చూపాలో కూడా తెలియడం లేదు.

హారిక వచ్చింది. చేతిలో చెప్పులు.
"పోవద్దని చెప్పల్లని ఉండాది అత్తా. నాకు శానా బయ్యమైతాంది. చెప్పను. లెయ్. బస్టాండు దాకా నేను తోడొస్తా."

నాకు ఎవరూ, ఇన్నేళ్ళలో, ఒక్కరూ అనని మాట. కొత్తకోడలు, కాళ్ళ పసుపు ఇంకా ఆరలేదు — నడిబజారులో నా పక్కన నడిస్తే ఎన్ని మాటలు పడాలో దీనికి తెలుసా? తెలుసు.
వద్దే అన్నాను. వినలేదు, బ్యాగు తీసుకుంది.

వాకిట్లో కుర్చీ లాగిన చప్పుడు. వాళ్ళత్తగారు కూర్చుంది.
హారిక చెప్పులు వేసుకుంటోంది — నేనూ లేస్తున్నాను.