ఐస్‌క్రీం మిషన్ చెడిపోయిందని సర్టిఫికెట్ కోరుతూ

సూర్యాపేట తహసీల్దారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఐస్‌క్రీం మిషన్ దానంతట అదే ఆగిపోయిందనియు, అందులో అర్జీదారుని అసమర్థత లేదనియు ధ్రువీకరణ పత్రం ఇప్పించుట గురించి.

1. నా పేరు ఉపేందర్. హైవే పక్కన బర్గర్లు, కోన్ ఐస్‌క్రీం అమ్ముకుంటున్నాను. వయసు ముప్పై మూడు, పెళ్లి కాలేదు. ఈ సంగతి బస్టాండులో కూడా అందరికీ తెలుసు.

2. గత ఆదివారం కోదాడ నుండి వందన అనే అమ్మాయి, తల్లిదండ్రులతో సహా, నన్నూ నా దుకాణాన్నీ చూడటానికి వచ్చింది. అమ్మాయి నాకు చాలా నచ్చింది. ఈ వాక్యం అర్జీలో ఉండరాదని తెలిసినా కొట్టివేయుటకు చేతులు రాలేదు.

3. సదరు మిషన్ రోజూ దుకాణం మూశాక పాలను తానే వేడిచేసి, తానే చల్లార్చి శుద్ధి చేసుకుంటుంది. దాని గిన్నెలో గుర్తుగా ఉన్న గీతకు పైన పాలు పోస్తే మాత్రం మధ్యలో ఆపి తాళం వేసుకుంటుంది. ఆ తాళం నంబరు కంపెనీ మెకానిక్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన ఉండేది హైదరాబాదులో. ముందురోజు మా అమ్మ అంజమ్మ, "చుట్టాలు వస్తుంటే గిన్నె వెలితిగ పెడ్తరార? నిండ పొయ్యి" అన్నది. నేను అంచు దాకా పోశాను. తెల్లారేసరికి మిషన్ అలిగి కూర్చుంది.

4. అమ్మాయి కోన్ అడిగింది. "మిషన్ పనిచేయడం లేదండి" అన్నాను. ఆమెతో నేను పలికిన మొదటి మాట అదే. ఆమె తండ్రి జగదీశ్ గారు కారెక్కుతూ, "మిషనే నడపలేనివాడు సంసారం ఏం నడుపుతాడండీ" అని మా పెళ్లిపెద్ద మల్సూర్ మామతో అన్నారట.

5. మిర్యాలగూడలో మా బావ సుధాకర్‌దీ ఇదే మిషన్, ఇదే తీరు. అయినా అతనికి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. కావున మిషన్‌కూ సంసారానికీ సంబంధం లేదని రుజువగుచున్నది.

తమరు కులం, ఆదాయం, నివాసం ధ్రువీకరిస్తారు. ఇదొక్కటి కూడా ధ్రువీకరిస్తే జగదీశ్ గారికి చూపించుకుంటాను. నా మిగతా అసమర్థతల గురించి నాకు పేచీ లేదు.

చిత్తగించి, ముద్ర కొంచెం స్పష్టంగా పడేటట్టు చూడవలెను.

తమ విధేయుడు,
ఉపేందర్

తా.క.: అర్జీ కవరులో పెడుతుండగా వందన ఫోన్ చేసింది. "ఇంతకుముందు చూసిన సంబంధాల వాళ్లందరూ అన్నీ బాగున్నాయనే చెప్పారండి. ఒకటి పనిచేయడం లేదని చెప్పింది మీరొక్కరే. నాన్నకు నేను చెప్పుకుంటాను" అన్నది. కావున సర్టిఫికెట్ అవసరం లేదు. మెకానిక్ ఇంకా రాలేదు. తమరు కుటుంబ సమేతంగా పెళ్లికి రాగలరు. ఐస్‌క్రీం విషయంలో మాత్రం హామీ ఇవ్వలేను.