లైవ్‌లో ఆమేన్

ప్రియమైన జెస్సికాకి,

ప్రభువు నామంలో అమ్మ దీవించి రాయునది. పటమటలో మేమిద్దరం బాగానే ఉన్నాం. నీ క్షేమం మాత్రం టీవీవాళ్ళు గంటకో రకంగా చెప్తున్నారు, అందుకని నీ చేత్తో నువ్వే రాయి. అక్కడ యుద్ధం వల్ల ఫోన్లు పనిచేయడం లేదు కదా, మీ ఆస్పత్రికి తిరిగొస్తున్న సుస్మితకి ఈ ఉత్తరం, గోంగూర పచ్చడి సీసా ఇచ్చి పంపుతున్నాను.

"ఇంకో ఆరు నెలలు ఉండమంటున్నారు, నాన్న ఏమంటారు?" అని కిందటి ఉత్తరంలో అడిగావు. ఆయన ఏమన్నారో రాష్ట్రమంతా వింది, నువ్వు తప్ప!

మీరున్న ఊళ్ళో టెర్రరిస్టులు ఉన్నారా లేరా అని ఇక్కడో ఛానల్లో ఒకటే రచ్చ. కూతురు అక్కడ పిల్లల వార్డులో నర్సుగా ఉందని మీ నాన్నని కూడా చర్చకి పిలిచారు. ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే మనిషికి ఆ ఊరు మ్యాపులో ఎక్కడుందో కూడా తెలియదు. అయినా మా పెళ్ళినాటి కోటు, బొత్తాలు పట్టకపోయినా తగిలించుకుని వెళ్ళారు. నేనూ, పక్క షెడ్డు కరిముల్లా అన్నయ్యా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం.

ఒకాయన "ఉన్నారు!" అని బల్ల గుద్దాడు. ఇంకొకాయన "లేరు, రుజువేదీ?" అని అంతకంటే గట్టిగా గుద్దాడు. యాంకరమ్మ ఇటు తిరిగి, "సంజీవరావుగారూ, మీరు చెప్పండి. ఉన్నారా, లేరా?" అంది.

తెలియనిది అడిగితే మీ నాన్న చేసేది ఒక్కటే కదా. లేచి నిలబడి, "అందరం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుందామండీ" అన్నారు. నా పరువు కృష్ణలో కలిసిందనుకున్నాను! వింతేమిటంటే, అందరూ మూసుకున్నారు. మొదట బల్ల గుద్దినాయన చేతులు కూడా కట్టుకున్నాడు.

"ప్రభువా, వాళ్ళు ఉన్నారో లేరో ఈ పెద్దలు తేల్చుకుంటారు. మా జెస్సీ మాత్రం ఉంది. అది చూసుకునే పిల్లలు మంచం దిగేదాకా దాన్ని అక్కడే ఉంచు. దాని మీద నీ చెయ్యి అడ్డం పెట్టు" అన్నారు.

అక్కడున్న వాళ్ళంతా "ఆమేన్" అన్నారు, యాంకరమ్మతో సహా. ఇక్కడ కరిముల్లా అన్నయ్య కళ్ళు తుడుచుకుంటూ "ఆమీన్" అన్నారు. బల్ల గుద్దినాయన కాసేపు మెల్లగా మాట్లాడి, మళ్ళీ గుద్దడం మొదలెట్టాడు.

నువ్వెక్కడున్నావో చర్చిలో ఎవరికీ చెప్పొద్దన్నావు. ఆ మాట ఇక మర్చిపో. మొన్న ఆదివారం పాస్టరుగారి కంటే మీ నాన్న చుట్టూనే ఎక్కువమంది మూగారు. ఆ కోటు విప్పమంటే ఆయనకి కోపం వస్తోంది.

టీవీ చూడ్డం మానేశానని కిందటిసారి రాశాను కదా, శుద్ధ అబద్ధం. ఇంకొకటి కూడా ఉంది, మీ నాన్నకైనా చెప్పలేదు. అందరూ ఆమేన్ అన్నారు గానీ, నేను అనలేదమ్మా. నోటిదాకా వస్తే మింగేశాను. ఆ పిల్లలకీ తల్లులుంటారని తెలుసు. అయినా నావల్ల కాలేదు. నువ్వొచ్చి, ఈ వంటింట్లో నా ఎదురుగా కూర్చుని, పచ్చడిలో ఉప్పెక్కువైందని వంక పెట్టు. అప్పుడంటాను.

ఇట్లు,
మీ మొండి అమ్మ,
మార్త