దూలానికి కట్టిన కర్ర

నాన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. కావలిలో మస్తానన్న దగ్గర క్యూలు, అంటే పూల్ ఆట ఆడే కర్రలు, చెయ్యడం నేర్చుకుంటున్నాను. ఒక్కటీ ఒకేసారి పూర్తి చెయ్యనివ్వడు. లేతు మిషను మీద కర్రను తిప్పుతూ కొంచెం చెక్కి, పైన వేలాడదీసి, వారాల తరబడి ఆగాలి. ఓసారి గోడకు ఆనించబోతే అరిచాడు.

"ఆనించబాకమ్మాయ్! చెక్కినాక కూడా కర్ర కదులుతానే ఉంటాది. వంగిపోద్ది."

కోసేసిన చెట్టు ఇంకా ఎలా కదులుతుందా అని ఆలోచిస్తుంటే, నువ్వు గుర్తొచ్చావు. పడవ తెడ్లకు తెచ్చిన కర్రలన్నీ దూలానికి వేలాడదీసేవాడివి. తలకు తగులుతున్నాయని అమ్మ ఎంత తిట్టినా తీసేవాడివి కాదు. నీకిది ఎవరు చెప్పారు? నేనెప్పుడూ అడగలేదు.

నువ్వు గుండ్రంగా చిత్రిక పట్టి వదిలేసిన ఆఖరి కర్ర ఇంకా అక్కడే ఉంది. నిన్న దాన్ని మస్తానన్న దగ్గరికి తీసుకెళ్లి పూల్ బల్ల మీద దొర్లించాను. ఎక్కడా ఎగరకుండా ఆ చివరిదాకా పోయింది. ఇన్నాళ్లయినా కొంచెం కూడా వంగలేదు.

"దీంతో క్యూ చెయ్యనా అన్నా?"

"నీ ఇష్టం. చెడగొడితే మళ్లా రాదు."

చెయ్యాలనే ఉంది నాన్నా. కానీ నా చెయ్యి ఇంకా తిరగలేదు. ఇంటికి తెచ్చి, మళ్లీ దూలానికే కట్టాను.