ఇంటర్వెల్ తర్వాత అరశ్రుతి

1952 ఫిబ్రవరి 4
డేరా సినిమాకి మూడోసారి. కామేశ్వరి నవ్వుతోంది. "ఆ హీరోయిన్ కోసమా అండీ?" ఇరవయ్యేళ్లు కాపురం చేసిన మనిషి అడగవలసిన మాటేనా! వయొలిన్ల కోసం. పదిహేడున రాజోలు గ్రంథాలయంలో ఈ సినిమా సంగీతం గురించి మాట్లాడాలి. పాటల సంగతి అందరూ చెబుతారు. పాట లేనప్పుడు వినబడేదాని సంగతి ఎవరు చెబుతారు?

పేర్లు పడేటప్పుడు వయొలిన్లన్నీ ఒకే వరస. కింద సెల్లో షడ్జమం పట్టుకుని కదలదు. మోహన అనుకుంటాం... అంతలో క్లారినెట్ నిషాదం తాకి, మధ్యమం కూడా తెచ్చి, కల్యాణిలోకి లాక్కుపోతుంది. ఒళ్లు ఝల్లుమంది.

ఫిబ్రవరి 5
అసలు గొప్పంతా ఇంటర్వెల్ తర్వాతే. తల్లి చనిపోయే చోట అదే వరస శుభపంతువరాళిలో వస్తుంది. పైగా శ్రుతి అర పెరిగింది — ఒకటిన్నర కాస్తా రెండు. లయ కూడా బిగించాడు సంగీత దర్శకుడు. దుఃఖం గొంతు పెంచుతుందని తెలిసిన మహానుభావుడు! దీనిమీదే రెండు పేజీలు రాశాను.

ఫిబ్రవరి 7
రెండోసారి చూసిన రోజే ఈ శ్రుతి సంగతి రామానికి రాశాను. ఇవాళ కాకినాడ నుంచి వాడి జవాబు. నాతోపాటు వయొలిన్ నేర్చుకున్నవాడు, మొహమాటం లేనివాడు. "ఇక్కడ రెండుసార్లు చూశాను. మొదటినుంచి చివరిదాకా ఒకటిన్నరే. జ్వరం తర్వాత నీ చెవి చూపించుకున్నావా?"

అన్నం సయించలేదు. మలేరియాకి మింగిన ఆ క్వినైను... నెల్లాళ్లు చెవుల్లో హోరు. తగ్గిందనుకున్నాను. చెవి పోతే వయొలిన్ మాస్టారికి ఏం మిగులుతుంది?

ఫిబ్రవరి 8
సుభద్ర పాఠానికి వస్తే తలనొప్పని పంపేశాను. అబద్ధం. ఆ పిల్ల తీగలు శ్రుతి చెయ్యాలంటే భయం.

ఫిబ్రవరి 9
మళ్లీ డేరాకి. శ్రుతి చూసుకునే చిన్న బూర రొంటిన దోపుకుని. తల్లి మంచం పట్టగానే మెల్లగా ఊదాను. తేడా ఉంది! వెనకనుంచి ఒకావిడ — "ఎవరండీ ఆ ఈల? అక్కడ తల్లి చచ్చిపోతుంటే!" తల దించుకున్నాను.

కానీ తేడా విన్నదీ ఈ చెవే కదా. దీన్ని ఎలా నమ్మను?

ఫిబ్రవరి 10
పొద్దున్నే వెళ్లాను. ఆపరేటర్ సత్యం డేరా వెనక ఆయిల్ ఇంజను తుడుస్తున్నాడు. సిగ్గు విడిచి అడిగాను.

"ఆయ్, నిజమేనండి మాస్టారూ. గోదారి లంకలవాళ్లకి ఆఖరి పడవ అందాలి కదండీ. ఇంటర్వెల్ అయ్యేక మిషను స్పీడు కాస్త పెంచేస్తామండి. పడవ తప్పితే మర్నాడు ఒక్కరూ రారండి."

"రోజూనా?"

"రోజూనండి. ఇన్నాళ్లూ ఎవరూ కనిపెట్టలేదు. మీరెలా పట్టేరండీ?"

ఎలా పట్టేనా! రీలు జోరుగా తిరిగితే శ్రుతి పెరగదూ! సత్యాన్ని కావిలించుకున్నాను. ఉత్తరీయమంతా ఇంజను నూనె. నా చెవి నాకుంది. దారిపొడుగునా ఏడుస్తూనే వచ్చాను, ఎవరు చూసినా సరేనని.

కామేశ్వరితో చెబితే — "అయితే ఆ తల్లి గొంతు సన్నబడిందీ అందుకేనా? జబ్బుమనిషి కదా అనుకున్నానండీ!" నేనూ అంతే అనుకున్నాను. ఇద్దరం పగలబడి నవ్వాం. రెండుపూటల అన్నం ఒకేసారి తిన్నాను.

ఫిబ్రవరి 11
సుభద్ర పాఠం. రెండో తీగ వెంట్రుకవాసి దిగిందన్నాను, బూర తియ్యకుండానే. "ఆయ్, మాస్టారూ" అని బిరడా తిప్పింది. సరిపోయింది. ఎంత హాయి!

ఫిబ్రవరి 13
రామానికి రాశాను. నీ చెవీ నిజమే, నా చెవీ నిజమే.

ఫిబ్రవరి 16
రేపే ఉపన్యాసం. ఆ రెండు పేజీలు చింపుదామని కూచున్నాను — సంగీత దర్శకుడు చెయ్యని పనికి ఆయన్ని పొగిడిన పేజీలు. కామేశ్వరి చెయ్యి పట్టుకుంది. "అక్కడ అందరం ఏడ్చాం కదండీ. అదీ అబద్ధమేనా?"

చింపలేదు. చదవగలనో లేదో తెలీదు. రేపు వచ్చేవాళ్లంతా ఈ డేరాలో చూసినవాళ్లే. నేనూ నాలుగుసార్లూ ఏడ్చాను... ఏం చెప్పను? మమ్మల్ని ఏడిపించింది ఆయనా, ఆఖరి పడవా?