ఒకటి పక్కన సున్నా

జూన్ 3
మనవరాలు ఆసుపత్రి వార్డుల్లో పెట్టే స్క్రీన్‌కి ప్రోగ్రామ్ రాస్తోంది. ఏ మంచానికి ఏ మందు ఎంతివ్వాలో నర్సులకి చూపించే స్క్రీన్. ఇవాళ గర్వంగా నాకు చూపించింది. మూడో వరుసలో, రక్తం పలచబరిచే మాత్ర: 1.0 మి.గ్రా.
ఆ సున్నా దేనికే అన్నాను. అన్నిటికీ చుక్క తర్వాత ఒక అంకె ఉండేలా ఫార్మాట్ పెట్టానమ్మమ్మా, వరుసగా నీటుగా ఉంటాయి అంది. మాత్రలకి ముస్తాబట!

జూన్ 4
ముప్పై రెండేళ్లు ఆసుపత్రి మందుల గదిలో పనిచేశాను. చుక్క కంటికి ఆనకపోతే అది పది. ఈ మాట నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ ఫోను చూసుకుంది. ఆఖరికి, చుక్క ఉంది కదా, చూసుకోవడం నర్సు పని అంది.
చేతిలో గ్లాసు విసిరేద్దామనిపించింది. కాఫీ ఉంది కాబట్టి ఆగాను.

జూన్ 6
దాని మేనేజర్‌కి ఫోన్ చేశాను. పెద్దవారు, మీకెందుకండీ శ్రమ అన్నాడు. సోమవారం స్క్రీన్లు బిగించేస్తారట. మార్చడానికి ఎంతసేపే అని దీన్నడిగితే, ఒక్క లైను అంది.
ఒక్క లైను! ఒళ్లు మండిపోయింది.

జూన్ 7, ఉదయం ఎనిమిది
మా అమ్మాయిని వంటింటి గుమ్మంలో నిలబెట్టి, బల్ల మీది ల్యాప్‌టాప్‌లో మూడో వరుస చదవమన్నాను. పది అంది టక్కున. పాలు పొంగుతున్నాయి, వెళ్లనా అంది.
అమ్మకి కళ్లు చూపించాలి అని నవ్వింది మనవరాలు.

మధ్యాహ్నం
చెప్పేశాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.
ఉద్యోగంలో రెండో ఏడు. మందు కవరు మీద లేబుల్ రాశాను. 1.0. నీటుగా ఉంటుందని. నర్సు ఏడో మంచం రోగికి మూడు రోజులు పది ఇచ్చింది. నాలుగో రోజుకి ఏడో మంచం ఖాళీ. విచారణలో నన్నడిగితే, చుక్క ఉంది కదా, చూసుకోవడం నర్సు పని అన్నాను. ఆవిడ ఉద్యోగం పోయింది. నాకు ప్రమోషన్ వచ్చింది.
మనవరాలు ఈసారి ఫోను ముట్టుకోలేదు. ల్యాప్‌టాప్ తెరిచింది.

జూన్ 9
స్క్రీన్లు బిగించారట. 1 మి.గ్రా. అని ఉందట. అరకి 0.5, వట్టి .5 అయితే ఐదనుకుంటారని చుక్కకి ముందు సున్నా మరిచిపోలేదట. చెప్పకుండా మార్చినందుకు మేనేజర్ అరిచాడట. అరవనీ. నా ముందుకొచ్చి అరవమను.

జూన్ 10
ఆ నర్సు పేరు కాగితం మీద రాసి మనవరాలికిచ్చాను. వెతకమన్నాను.