పెరుగు సంచీలో సింగిల్ మాల్ట్

బర్ దుబాయ్,
21 ఏప్రిల్ 2024.

మా వెనక సందులో మందు అమ్మే కొట్టులో తెలుగాయన ఎవరో వారికి,

నమస్కారమండీ. నా పేరు సుభద్ర. ముక్కూ మొహం తెలియని ఆడమనిషి మీ గుమ్మం బయట సలహాల పెట్టెలో ఉత్తరం వేసిందేమిటా అని కంగారుపడకండి. మీ పక్కన జాకెట్లు కుట్టే నెల్లూరు ఫాతిమున్నీసా చెప్పింది, ఆ షాపులో ఒక తెలుగాయన ఉన్నాడు, నిదానస్తుడు అని. ఆ ధైర్యంతో రాస్తున్నాను. లోపలికొచ్చి అడుగుదామంటే మా బిల్డింగులో సగం మంది ఆ దారినే మెట్రోకి పోతారు. ఫోన్ చేద్దామంటే మా అమ్మాయి స్నిగ్ధ నా ఫోనూ వాళ్ళ నాన్న ఫోనూ ఏదో ఒకటిగా కలిపేసి అబూదాబీ ఉద్యోగానికి వెళ్ళిపోయింది. నేను ఉల్లిపాయలకి ఫోన్ చేసినా ఆయన ఫోన్లో తెలిసిపోతుంది.

అసలు సంగతి ఇది. మే పదిహేడు శుక్రవారం మా పెళ్ళిరోజు. ముప్ఫై ఏళ్ళు నిండుతాయి. మావారు శుక్రవారం సాయంత్రం ఆరు కొట్టగానే క్రీక్ ఒడ్డుకి వాకింగ్‌కి వెళ్తారు, తొమ్మిదిన్నరకి తిరిగొస్తారు. ఆగస్టు ఎండల్లోనూ మానరు. మొన్న ఆ పెద్ద వానకి వీధులన్నీ నీళ్ళయినా, ఆ శుక్రవారం ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని మరీ వెళ్ళారు. అంత నియమం. స్నిగ్ధ ఉన్నన్నాళ్ళూ నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు శుక్రవారం సాయంత్రం టీవీ, నేనూ మిగిలాం. ఆ ఒక్క పెళ్ళిరోజు సాయంత్రమైనా ఆయన ఇంట్లో ఉండాలని నా కోరిక.

అందుకని కానుకగా ఒక సింగిల్ మాల్ట్ కావాలి. మొట్టమొదటిసారి తాగే మనిషికి పనికొచ్చేది చెప్పండి. ఆ పేరు నాకెలా తెలుసని మాత్రం అడక్కండి.

జవాబు ఫాతిమున్నీసా దగ్గర నా జాకెట్ల సంచీలో పెట్టించండి.

ఇట్లు
సుభద్ర

తా.క. నేను మా సామర్లకోటలో ఉన్నప్పుడు దగ్గుమందు కూడా మూత వాసన చూసి తాగేదాన్ని. కాబట్టి నాకేమీ తెలియదనుకుని మొదటినుంచీ చెప్పండి.


24 ఏప్రిల్ 2024.

సుభద్రమ్మకు,

జగిత్యాల వెంకట్రాములు నమస్తే చెప్పి రాసేది. అమ్మా, ఈ సలహాల పెట్టె పెట్టి పదేండ్లయింది. ఇప్పటిదాంక అందుల చూయింగ్ గమ్ కాగితాలే ఎల్లినయ్. మొదటి ఉత్తరం మీదే. మా ముదీర్‌కు, అంటే మేనేజర్‌కు, చూపిస్తే ఫ్రేమ్ కట్టిస్తడేమో అని జేబుల పెట్టుకున్న.

మీరు అడిగింది మంచి ప్రశ్న. సింగిల్ మాల్ట్ అంటే మొలకెత్తిన బార్లీ గింజలతోని, ఒక్కటే కార్ఖానాల చేసిన విస్కీ. పదిచోట్ల సరుకు కలిపింది కాదు. మొదటిసారి తాగేటోళ్ళకు మూడు సంగతులు చూడాలె. ఒకటి, వయసు. పన్నెండేండ్లు పీపాల ఉన్నదయితే గరుకుతనం పోయి మెత్తగైతది. రెండోది, పీపా. ముందుగాల ద్రాక్షసారా పోసి తీసిన పాత పీపాల పెడితే కిస్‌మిస్ లెక్క తీపి వాసనొస్తది. మూడోది, పొగ. కొన్నిట్ల పొగ వాసన గట్టిగుంటది. అలవాటున్నోళ్ళు దానికోసం పడి చస్తరు గని, కొత్తోళ్ళు ఒక్క గుక్కకే దండం పెడ్తరు. మీకు పొగ లేనిది, తేనె వాసనొచ్చేది ఇస్త. ఐసు వద్దు. ఇంత పోసి, నాలుగు చుక్కల నీళ్ళు కలిపి, నిమ్మళంగ తాగాలె.

కొనాల్నంటే ఈడ సర్కారిచ్చే మందు కార్డు కావాలె. మీ ఎమిరేట్స్ ఐడీతోని మీ పేరు మీదనే తీస్కోవచ్చు.

ఉంట,
వెంకట్రాములు

తా.క. ఇంత చెప్పిన గని, పద్దెనిమిదేండ్ల సంది అమ్ముతున్న నేను ఒక్క చుక్క ముట్టలేదు. కంపెనీ ట్రైనింగుల రాసిచ్చింది బట్టీ పట్టిన. మీరు పరేషాన్ కాకుండ్రి, ఇప్పటిదాంక ఎవ్వలూ తప్పు పట్టలేదు.


27 ఏప్రిల్ 2024.

వెంకట్రాములుగారికి,

మీ జవాబు జాకెట్లతోపాటు అందింది. చాలా ఓపిగ్గా రాశారు. మొలకెత్తిన గింజలనగానే ప్రాణం లేచొచ్చింది, మా డాక్టరు కూడా అవే తినమంటాడు. కానీ తరవాత చదివింది నాకేం నచ్చలేదు.

పన్నెండేళ్ళనాటి సరుకు నాకెందుకండీ? కొత్తగా వచ్చింది లేదా? ఆవకాయైనా ఏడాది దాటితే నేను ఇంట్లో వాళ్ళకి పెడతాను గానీ ఒకరికి కానుకగా ఇవ్వను. సరే, నిలవదే మంచిదంటున్నారు, పోనీండి. ఆ పీపా సంగతేమిటి? ముందు ఇంకేదో పోసి, అది ఎవరో తాగేశాక, ఆ ఎంగిలి పీపాలో మనది పోశారా! అన్నేసి లక్షల సీసాలు అమ్ముకునేవాళ్ళు కొత్త పీపా కొనుక్కోలేరా? మా అత్తగారు బతికుండి ఈ మాట వింటే సీసాకి కూడా నీళ్ళు పోయించేది. పొగ వాసనంటారా, మా ఇంట్లో కూర మాడినప్పుడు నేను ఉత్తినే వడ్డిస్తాను. దానికి డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళుంటారని ఇన్నాళ్ళూ తెలియలేదు.

కొత్త పీపాలోది, పొగ తగలనిది, ఎవరూ వాడనిది ఒకటి వెతికి పెట్టండి. కార్డుకి దరఖాస్తు పెట్టేశాను.

ఇట్లు
సుభద్ర

తా.క. మనిషి సంగతి తెలిస్తే తగిన సీసా ఎంచుతారని మావారి ఆనవాళ్ళు రాస్తున్నాను. పేరు జగన్మోహనరావు. నుదుట విభూతి, గళ్ళ చొక్కా, చేతిలో నీలం రంగు పెరుగు సంచీ. వాకింగ్‌కి పెరుగు సంచీ దేనికండీ అంటే వచ్చేటప్పుడు పెరుగు తెస్తానంటారు. పదకొండేళ్ళయింది, ఇంకా తేలేదు.


30 ఏప్రిల్ 2024.

అమ్మకు,

వెంకట్రాములు దండం పెట్టి రాసేది. మీ ఉత్తరం ఆఖరి ముక్క చదివి కుర్సీల కూలవడ్డ. కౌంటర్ కాడ ఉండే నేపాలీ అమ్మాయి నీళ్ళు తెచ్చిచ్చింది.

అమ్మా, నేను మస్తు ఆలోచించిన. మీకు సింగిల్ మాల్ట్ వద్దు. మొన్న రాసిందంత మర్చిపోండ్రి. మొదటిసారి తాగేటోళ్ళకు అది అస్సలు పడది. కడుపుల మంట, తలకాయ నొప్పి. మీరన్నట్టు పీపా కూడ ఎంగిలిదే. పెండ్లిరోజుకు సారుకు మంచి గడియారం కొనుండ్రి. లేకుంటే పట్టు పంచె. ఆయిల్ లేకుండ వేయించే మిషన్ వచ్చింది, అదైతే ఇద్దరికి పనికొస్తది. ఇగ ఈ దుకాణం దిక్కు మీరు రాకుండ్రి, ఎండలు గట్టిగున్నయ్.

మీ మేలు కోరే
వెంకట్రాములు

తా.క. సారు పెరుగు సంచికి ఒక దిక్కు జిప్పు కరాబయిందా? ఊకెనే అడుగుతున్న.


11 మే 2024.

వెంకట్రాములూ,

గారు తీసేశాను, చూశారు కదా. కోపంగా ఉన్నాను. కొనద్దని బతిమాలే కొట్టువాణ్ణి నా జన్మలో చూడలేదు. ముందు తేనె అన్నారు, కిస్‌మిస్ అన్నారు. నేను పీపా సంగతి నిలదీసేసరికి కడుపులో మంట అంటున్నారు. మీ సరుకులో ఏదో లోపం ఉంది, నేను కనిపెట్టేశానని మీ భయం. ఇంకోసారి గడియారం పేరెత్తితే ఇదే పెట్టెలో మీ ముదీర్‌గారికి ఇంగ్లీషులో రాసి వేస్తాను. నా ఇంగ్లీషు మీకు తెలియదు, చాలా ఘోరంగా ఉంటుంది.

అది అలా ఉంచండి. ఇంట్లో ఇంకో బెంగ పట్టుకుంది. మూడో తారీఖు శుక్రవారం మావారు వాకింగ్‌కని వెళ్ళి అరగంటలో పరిగెత్తుకుంటూ తిరిగొచ్చారు. చేతిలో సంచీ లేదు. అడిగితే టీవీ సౌండు పెంచారు. నిన్న శుక్రవారం అసలు గడప దాటలేదు. ఇంట్లో ఉన్నారన్న మాటేగానీ ఉన్నట్టే లేదు. సోఫాలో కూచుని గోడ గడియారం కేసి చూస్తారు, నేను వంటింట్లోంచి వస్తే ఉలిక్కిపడతారు. అడక్కుండానే గిన్నెలు తోమారు. ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ తోమని మనిషి! నాకు భయం వేసింది. ఆయన ఇంట్లో ఉండాలని కోరుకున్నది నేనే, కానీ ఇలా కాదు. ఇలా దిగులుపడి కూచునే మనిషితో నేను పెళ్ళిరోజు ఏం చేసుకోను?

కార్డు వచ్చేసింది. నా పేరు మీదే. ఆరు రోజులే ఉంది. సీసా ఇస్తారా, ఇవ్వరా?

సుభద్ర

తా.క. జిప్పు సంగతి మీకెలా తెలుసు?


13 మే 2024.

అమ్మకు,

తప్పయింది. జిప్పు కాడ దొరికిపోయిన.

అమ్మా, ఒక గిరాకీ సంగతి ఇంకొకలకు చెప్పుడు మా దుకాణంల పెద్ద తప్పు. అయినా గిన్నెలు తోముతున్నడని రాసినంక నాకు అన్నం పోతలేదు. రావు సారు పదకొండేండ్ల సంది మా గిరాకీ. శుక్రవారం ఆరుంబావుకు వస్తడు. చిన్న సీసను పెరుగు సంచిల పెట్టుకోని దోస్తు అనీష్ సారు ఫ్లాట్‌కు పోతడు, శుక్రవారం ఆయన ఇంటామె రాత్రి డ్యూటీల ఉంటది. ఇద్దరు కలిసి ఒకటో రెండో పెగ్గులు, అంతే. తూలినోడు కాదు, ఒర్లినోడు కాదు. ఆయనకు మొదటిసారి తాగేటోళ్ళ సీస మీరు కానుకిస్తే ఇంట్ల ఏమైతదో అని నేను బుగులు పడ్డ. అందుకే గడియారం అన్న.

మూడో తారీఖు నాడు సారు వస్తే మనసాగలేదు. 'సారూ, యల్లా, జల్ది ఇంటికి పోండ్రి. అమ్మగారికి ఎరుకైనట్టున్నది' అన్న. అంతే. సారు సంచి కౌంటర్ మీదనే ఇడిచిపెట్టి చెప్పులు ఊడంగ ఉరికిండు. మీ సంసారంల నిప్పు నేనే పెట్టిన. నన్ను తిట్టుండ్రి గని సారును ఏమనకుండ్రి. సారు మంచోడు.

మీరు అడిగిన సీస తీసి పక్కకు పెట్టిన. పన్నెండేండ్లది, పొగ లేదు. పీపా మాత్రం పాతదే అమ్మా, కొత్త పీపాల ఆ రుచి రాదట. గురువారం మధ్యాహ్నం రెండింటికి ఎవ్వలుండరు. కార్డు తీస్కోని రాండ్రి. నేపాలీ అమ్మాయి ఇస్తది. నేను లోపలి గదిల ఉంట, నాకు మీ మొహం చూసే ధైర్యం లేదు.

తప్పు చేసిన
వెంకట్రాములు

తా.క. మీ దాంట్ల ఏలు పెట్టిన గని నా సంగతి ఏం మంచిగున్నది? జగిత్యాలల మా ఆమెకు నేను జ్యూస్ దుకాణంల పనిచేస్తున్న అని చెప్పిన. పద్దెనిమిదేండ్లయింది. పోయినప్పుడల్లా 'ఈసారి ఏ జ్యూస్ ఎక్కువ పోతున్నది' అని అడుగుతది. మామిడి అని చెప్త.


19 మే 2024.

తమ్ముడు వెంకట్రాములుకి,

అక్క సుభద్ర దీవించి రాసేది. గురువారం నువ్వు లోపలి గది తెర వెనకాల నుంచున్నావని నాకు తెలుసు. తెర కింద చెప్పులు కనిపించాయి. పలకరిద్దామనుకున్నాను గానీ, పోనీలే పాపం అని వదిలేశాను.

ఇక విను. మావారి సంగతి నాకు పదకొండేళ్ళనుంచీ తెలుసు. ఆగస్టు నెలలో మూడున్నర గంటలు క్రీక్ ఒడ్డున నడిచిన మనిషి చొక్కాకి చెమట పట్టకుండా, నోట్లో యాలక్కాయతో ఇంటికొస్తే ఏ ఆడదానికి తెలియదు? చొక్కా ఉతికేటప్పుడు జేబులో మీ కొట్టు బిల్లులు దొరికేవి. సింగిల్ మాల్ట్ అనే మాట నేను నేర్చుకున్నది ఆ బిల్లుల్లోనే. అడగలేదు ఎందుకంటే, వారమంతా ఆఫీసులో తల వంచుకుని పనిచేసే మనిషికి ఆ దొంగతనం ఒక్కటే సరదా. దాన్నెందుకు చెడగొట్టాలి అనుకున్నాను. స్నిగ్ధ వెళ్ళాక మాత్రం, ఆ సరదాలో నాకూ ఇంత చోటిస్తే బాగుండును అనిపించింది. అనీష్‌గారు కూచునే కుర్చీలో నేను కూచోకూడదా?

నువ్వు సీసా మావారికనుకున్నావు. మొదటిసారి తాగే మనిషిని నేనురా అబ్బాయ్!

మొన్న శుక్రవారం ఆరింటికి పునుగులు వేసి, నేపాలీ అమ్మాయి సీసా పెట్టిచ్చిన ఆ నీలం సంచీ తెచ్చి ఆయన ముందు బల్లమీద పెట్టాను.  సంచీ చూడగానే ఆయన లేచి గిన్నెలు తోమబోయారు. చెయ్యి పట్టుకుని కూచోబెట్టి సీసా తీశాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, 'ఎప్పట్నించి తెలుసు?' అన్నారు. ఆగస్టునుంచి అన్నాను. ఏ ఆగస్టు అని ఆయన అడగలేదు.

రెండు గ్లాసులు పెట్టాను. ఆ రెండోది ఎవరికని అడిగారు.

'నాకే. మీరు నేర్పండి,' అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు. తరవాత లోపలికెళ్ళి స్నిగ్ధ చిన్నప్పటి ఉగ్గుగిన్నె వెతికి తెచ్చి, దాంతో నా గ్లాసులో నాలుగు చుక్కలే నీళ్ళు పోశారు. లెక్క తప్పలేదు. మొదటి గుక్కకి గొంతు మిరియాల కషాయం తాగినట్టు మండి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నీ తేనె నాకెక్కడా తగల్లేదు. రెండో గుక్కకి కొంచెం కిస్‌మిస్ వాసనొచ్చిందేమో, ఒట్టేసి చెప్పలేను. మూడోది నా వల్ల కాలేదు. మిగిలింది ఆయన గ్లాసులో వంపేశాను. ఎంగిలి పీపా అని నీతో అంత గొడవ పెట్టుకున్నదాన్ని నేనే! ఆయన దాన్నీ తాగేశారు.

పదిన్నరదాకా కూచున్నాం. అనీష్‌గారికి పదకొండేళ్ళుగా చెప్పుకుంటున్న కబుర్లన్నీ నాకు మొదటినుంచీ చెప్పారు. వాటిలో సగం నా మీదే. నా ఆవకాయని ఆ మలయాళీ ముందు అంతగా పొగిడేవారట, నా ముందు ఏనాడైనా అన్నారా? మనసు నిండిపోయింది తమ్ముడూ. నువ్వు నోరు జారకపోతే నేను సంచీతో సహా పట్టుకునేదాన్నే కాదు, కాబట్టి నీ తప్పు మాఫీ. ఇకనుంచి శుక్రవారాలు మా ఇంట్లోనే. సంచీలో సీసాతో పాటు పెరుగు కూడా తేవాలని షరతు పెట్టాను.

నీ మేలు మరిచిపోని
సుభద్రక్క

తా.క. అనీష్‌గారి భార్య నిన్న వచ్చి వాళ్ళాయనా మావారూ శుక్రవారం క్యారమ్స్ ఆడటం ఎందుకు మానేశారని అడిగింది. ఉన్నమాట చెప్పేశాను. ఆవిడ ఉత్తరం కూడా రేపు నీ పెట్టెలో పడుతుంది. మలయాళంలో ఉంటుంది, ఎవరిచేతనైనా చదివించుకో. జవాబు జాకెట్ల సంచీలోనే.

ఇంకో తా.క. మీ ఆవిడకి తెలియదనుకుంటున్నావా? పద్దెనిమిదేళ్ళు జ్యూస్ కొట్టులో పనిచేసిన మనిషి ఒక్కసారైనా ఇంట్లో పెళ్ళాం పిల్లలకి ఒక గ్లాసు జ్యూస్ తీసి ఇచ్చావా? ఈసారి వెళ్ళినప్పుడు మామిడి అని చెప్పకు. ఆవిడ పక్కన కూచుని, ఎప్పట్నించి తెలుసని అడుగు.